ఇంటిని స్టూడెంట్ పీజీగా మారుస్తున్నారా? ముందు ప్లాన్ కాగితం బయటికి తీయండి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి మనకి తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "అన్నా, మా ఇంట్లో పై రెండు ఫ్లోర్లు ఖాళీగా ఉన్నాయి. కాలేజీ పిల్లలకి రూములుగా ఇద్దామనుకుంటున్నాం. పర్మిషన్ ఏమన్నా కావాలా?" ఈ ఎపిసోడ్ దాని గురించే. ఓనర్లే కాదు, ఆ రూముల్లో ఉండబోయే స్టూడెంట్లు కూడా వినండి. డబ్బు ఓనర్ది, ప్రాణం మీది.

"సొంత ఇల్లు, ఎవరికిచ్చుకుంటే ఎవరికేం?" అంటారు చాలామంది. ఒక కుటుంబానికి అద్దెకిచ్చినంత కాలం ఆ మాట నిజమే. కానీ మంచాలు వేసి, తలకింత అని నెలనెలా తీసుకుంటుంటే గోడలు అవే అయినా వాడకం మారిపోయింది. మీ పర్మిషన్ గోడలకే కాదు, వాడకానికి కూడా ఇచ్చింది. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 చూస్తే, మామూలు ఇల్లు, లాడ్జింగ్ హౌస్, స్టూడెంట్ హాస్టల్ మూడూ నివాస భవనాలే, కానీ మూడింటికీ వేరే వేరే తరగతులు. మన రాష్ట్రంలో పర్మిషన్లకి ఆధారం ఏపీ బిల్డింగ్ రూల్స్ 2017. వాడకం మార్చాలంటే సవరించిన ప్లాన్‌తో మళ్లీ అప్లై చెయ్యాలి.

ఇదంతా కాగితాల గోల అనిపిస్తోందా? 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వాన నీళ్లు వచ్చి ముగ్గురు స్టూడెంట్లు చనిపోయారు. ఆ బేస్‌మెంట్‌కి పర్మిషన్ ఉంది, స్టోరేజీకి, పార్కింగ్‌కి. నడిపింది లైబ్రరీ.

సరే, ఎవర్ని అడగాలి? మదనపల్లె, పుంగనూరు, కుప్పం టౌన్లలో అయితే మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ సెక్షన్. అంతకన్నా ముందు మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని కలవండి, దగ్గర్లోనే ఉంటారు. మిట్స్ కాలేజీ చుట్టుపక్కల పీజీ పెట్టాలనుకునేవాళ్లు మాత్రం జాగ్రత్త. కాలేజీ పేరులో మదనపల్లె ఉన్నా, అంగళ్లు ఉండేది కురబలకోట మండలంలో. అక్కడ పంచాయతీని, అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీని అడగాలి. కుప్పంలో ద్రావిడ యూనివర్సిటీ, పీఈఎస్ మెడికల్ కాలేజీ వైపు కూడా అంతే. మీ సర్వే నంబరు ఏ పరిధిలో ఉందో ముందు తేల్చుకోండి. తర్వాత ఎల్‌టీపీ, అంటే లైసెన్స్ ఉన్న ఇంజనీరు ద్వారా డీపీఎంఎస్ పోర్టల్‌లో ప్లాన్ వెయ్యాలి.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయానికొస్తా. పార్టిషన్! 20 అడుగుల హాలు మధ్యలో ప్లైవుడ్ కొట్టి మూడు రూములు చేస్తారు. మధ్య రూముకి కిటికీ ఉండదు. కోడ్ ప్రకారం ఇంట్లో ముఖ్యమైన గది 9.5 చదరపు మీటర్లు, అంటే దాదాపు 102 చదరపు అడుగులుండాలి, వెడల్పు 2.4 మీటర్లకి తగ్గకూడదు. గాలి, వెలుతురు బయటి నుంచి రావాలి. బెంగళూరు కార్పొరేషన్ 2024లో పీజీలకి గైడ్‌లైన్స్ ఇచ్చింది: మనిషికి కనీసం 70 చదరపు అడుగులు, రోజుకి 135 లీటర్ల నీళ్లు. ఇంగ్లండ్‌లో ఒక పెద్దమనిషి పడుకునే గది 6.51 చదరపు మీటర్లకి తగ్గితే లైసెన్స్ ఇవ్వరు. అదీ ఇంచుమించు 70 చదరపు అడుగులే. ఈ రెండూ మన ఊళ్లకి వర్తించే రూల్స్ కావు, కానీ టేపు పట్టుకుని కొలవడానికి మంచి లెక్క. 10 బై 10 రూములో నాలుగు మంచాలంటే మనిషికి 25 అడుగులు. ఇంక మీరే చెప్పండి.

రెండోది మెట్లు. ఐదుగురి కుటుంబం కోసం కట్టిన మెట్ల మీద 30 మంది అర్ధరాత్రి పొగలో దిగాలి. మెట్ల కింద గ్యాస్ సిలిండర్లు, బైకులు, పైన టెర్రస్‌కి తాళం. పొగ వస్తే ఎటు పోతారు? కిటికీలకి గ్రిల్ ఉంటే ఒక్కటైనా లోపల్నుంచి తెరుచుకునేలా పెట్టించండి. "బీపీఎస్‌లో డబ్బు కట్టేశాం, ఇక రెగ్యులరే కదా" అంటారు కొందరు. ప్లాన్ తప్పి కట్టినదాన్ని బీపీఎస్ క్రమబద్ధం చేస్తుంది సరే, కిటికీ లేని గదికి కిటికీ పెట్టదు కదా.

మిగతావి గబగబా చెప్పేస్తా. కరెంటు ఇంటి కనెక్షన్ మీదే నడిపితే తనిఖీలో కేటగిరీ మార్చి వెనకటి బిల్లు వేసే ప్రమాదం ఉంది, ముందే ఎస్పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అడగండి. ఇంటి పన్నుదీ అదే కథ. భోజనం పెడితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్. జీఎస్టీ అంటే భయపడొద్దు: 2024 జూలై నుంచి, నెలకి మనిషికి 20,000 రూపాయల లోపు ఉండి, వరసగా 90 రోజులకి తగ్గకుండా ఉండేవాళ్లకి మినహాయింపు ఉంది.

స్టూడెంట్లూ, అడ్వాన్స్ ఫోన్‌పే కొట్టే ముందు రూములోకి వెళ్లి లైటు ఆపండి. పగటి పూట కూడా చీకటైతే అది రూముగా కట్టింది కాదు. టెర్రస్ తలుపు తెరుచుకుంటుందో లేదో మీరే పైకెక్కి చూడండి. ఓనర్ని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి. "అవన్నీ నీకెందుకు బాబూ" అన్నారంటే పక్క వీధిలో ఇంకో పీజీ ఉంటుంది.