గర్భంలో జీవోదయమెప్పుడు?

ఉదయగిరి పేరులో ఉదయముంది. ఆత్మకూరు పేరులో ఆత్మ ఉంది. నెల్లూరు జిల్లా పడమటి సీమలోని ఈ రెండు ఊళ్ల పేర్లను కలిపి తలచుకుంటే ఒక సనాతనమైన ప్రశ్న స్ఫురిస్తుంది. తల్లి గర్భంలో ఆత్మ ఉదయించేదెన్నడు? సీమంతపు పేరంటంలో ముత్తైదువలు చెప్పుకునే ముచ్చట ఇదే. రెండో నెలలోనే గర్భం నిలువక కుమిలిపోయే ఇల్లాలి మనసులోని ప్రశ్న కూడా ఇదే.

శాస్త్ర వచనం

గర్భోపనిషత్తు పిండవృద్ధిని నెలలవారీగా వర్ణిస్తూ, ఏడో నెలలో పిండం జీవునితో కూడుతుందని చెబుతుంది. సుశ్రుతుడు నాలుగో నెలను పేర్కొన్నాడు. అప్పటికి శిశువు హృదయం స్పష్టమవుతుంది కనుక, దానినే నెలవుగా చేసుకున్న చైతన్యమూ వ్యక్తమవుతుందన్నాడు. రెండు హృదయాలు గల ఆ తల్లిని ‘దౌహృదిని’ అని పిలిచి, ఆమె కోరికలు తీర్చాలన్నాడు. నేటి స్కానింగులో ఆరేడు వారాలకే గుండె కదలిక కనిపిస్తోంది. చరకుడైతే శుక్రశోణితాలతో జీవుడు కలిసినప్పుడే దానిని గర్భమన్నాడు. భాగవతం తృతీయ స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి బోధించినదీ ఇదే. కర్మానుసారం, దైవప్రేరణతో జీవుడు ఆదిలోనే ప్రవేశిస్తాడు. ఏడో నెలలో అతనికి తెలివి కలిగి పూర్వజన్మలు స్మరణకు వస్తాయి.

ఈ వచనాలను ఇలా సమన్వయించుకోవచ్చు. జీవుడు రావడం వేరు, వ్యక్తం కావడం వేరు, స్మృతి కలగడం వేరు. మాసాలు మారినా వచ్చిన అతిథి ఒక్కడే.

గర్భస్థ భక్తులు

1514లో ఉదయగిరి దుర్గాన్ని జయించిన శ్రీకృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని హంపికి తరలించి, ఆలయం కట్టించి ప్రతిష్ఠించాడు. అశ్వత్థామ అస్త్రం ఉత్తర గర్భాన్ని దహించబోయినప్పుడు, లోపలి పరీక్షిత్తును కాపాడినవాడు ఆ కృష్ణుడే.

ఈ సీమవారి ఇలవేల్పు పెంచలకోన నరసింహుడు. ఆయన బ్రోచిన ప్రహ్లాదుడు కడుపులో ఉండగానే ఇంద్రుడు శత్రుశేషమని భావించి తల్లిని చెరపట్టాడు. ఆ గర్భంలో ఉన్నది పరమభాగవతుడని నారదుడు చెప్పి విడిపించి, తన ఆశ్రమంలో ఉంచి తత్త్వం బోధించాడు. తల్లి మరచినా బిడ్డ మరువలేదు. కడుపులో ఉన్నదెవరో దేవేంద్రుడే గ్రహించలేకపోయాడు. ఇక మనమెంత?

మన కర్తవ్యం

కనుక భక్తులారా! గర్భం నిలువని ఇల్లాలితో ‘ఇంకా ఏమీ ఏర్పడలేదులే’ అనకండి. ఆమె దుఃఖం నిజమైనది. ‘నీ దోషమే’ అని అసలే అనకండి. ఆ జీవుని రాకపోకలు దైవాధీనాలు. ఆమె చేయి పట్టుకుని ఓదార్చడమే ఇంటివారి ధర్మం.

ఆడపిల్లా మగపిల్లవాడా అని ముందే తెలుసుకోగోరేవారు ఒక్క మాట వినాలి. లింగనిర్ధారణను 1994 నాటి చట్టం నిషేధించింది. భ్రూణహత్య మహాపాతకమని ధర్మశాస్త్రాలు ఏనాడో చెప్పాయి. కొడుకుకు పెంచలయ్య అనీ, కూతురికి పెంచలమ్మ అనీ ఈ సీమలో పేరు పెట్టుకుంటారు. స్వామి తన పేరును ఇద్దరికీ ఇచ్చాడు. ఆయన పంపిన జీవుని, ఏ రూపాన వచ్చినా, తొలినాటి నుంచే చేతులు జోడించి ఆహ్వానిద్దాం.