వాననీటిని ఇంకనిచ్చుట - వాగును కాపాడుట

వాన వెలిసిన వెంటనే పాఠశాల ఆవరణలోనికి వెళ్లి చూడుడు. చెట్ల క్రిందను, గడ్డి మొలచిన చోటను నేల తడిసియుండును గాని నీరు పారుచుండదు. సిమెంటు చేసిన వాకిటను, తారు రోడ్డు మీదను మాత్రము నీరు కాలువ కట్టి పరుగెత్తుచుండును. రెండు చోట్లను కురిసినది ఒకే వాన. తేడా అంతయు నేలలోనే ఉన్నది.

ఈ తేడా ఎంతటిదో చిన్న లెక్క వలన తెలియును. 100 చదరపు మీటర్ల డాబా మీద ఒక సెంటీమీటరు వాన కురిసినచో, అది ఒక ఘనమీటరు, అనగా 1000 లీటర్ల నీరు. ఇట్టి వేయి ఇండ్లు గల పేటలో ఆ ఒక్క వానకే కప్పుల మీదినుండి పది లక్షల లీటర్లు దిగును. రోడ్ల మీది నీరు దీనికి అదనము. పట్టణములు నిర్మించువారు చాలాకాలము ఈ నీటిని ఒక బెడదగానే ఎంచిరి. తూములు, గొట్టములు వేసి, సాధ్యమైనంత త్వరగా దగ్గరి వాగులోనికి తరిమివేయుటయే వారి పద్ధతి. వీధి ఆరిపోవును, పని ముగిసినట్లు తోచును. కాని ఆ నీటిని అందుకొన్న వాగు గతి ఏమి? అమెరికాలోని సియాటిల్ నగరపు వాగులలో ఒక చేప ఈ ప్రశ్నకు తన ప్రాణముతో సమాధానము చెప్పినది.

కోహో చేప కథ

సియాటిల్ అమెరికా పశ్చిమ తీరమున, ప్యూజెట్ సౌండ్ అను సముద్రపు పాయ ఒడ్డున ఉన్నది. అచట ఏటికి సుమారు 95 సెంటీమీటర్ల వాన పడును. అందులో హెచ్చు భాగము శరదృతువు మొదలు వసంతారంభము వరకు సన్నని జల్లులుగా కురియును. ఒకప్పుడు ఆ ప్రాంతమంతయు దట్టమైన అడవి. రాలిన ఆకులతో మెత్తబడిన అడవినేల వాననీటిని పీల్చుకొని, నెమ్మదిగా ఊటల రూపమున వాగులకు అందించుచుండెడిది.

కోహో అనునది సాల్మన్ జాతికి చెందిన చేప. వాగులోని గులకరాళ్ల నడుమ పుట్టి, ఏడాదికి పైగా అచటనే పెరిగి, పిమ్మట సముద్రమునకు పోవును. సాధారణముగా మూడవయేట తాను పుట్టిన వాగునకే తిరిగి వచ్చి, గులకలలో గుంట చేసి గుడ్లు పెట్టి మరణించును. దానికి సంతానము కను అవకాశము జీవితములో ఒక్కసారియే.

నగరములోని లాంగ్‌ఫెలో వాగు మొదలగువానిని ఎంతో శ్రమపడి బాగుచేయగా కోహోలు తిరిగి రాసాగినవి. కాని శరత్కాలపు వానలు పడగానే అవి నీటిపైకి తేలి, నోరు తెరచి, ఒరిగిపోయి, కొద్ది గంటలలో చచ్చుచుండెను. ఆడచేపల కడుపులో గుడ్లు పెట్టినవి పెట్టినట్లే ఉండెను. 2002 మొదలు 2009 వరకు జరిపిన పరిశీలనలలో, నగరపు వాగులకు వచ్చిన ఆడ కోహోలలో నూటికి 60 మొదలు 100 వరకు గుడ్లు పెట్టకముందే మరణించుచున్నట్లు తేలినది. రోగమా? కాదు. నీటి వేడిమియా, ప్రాణవాయువు కొరతయా? అదియు కాదు. అవే వాగులకు వచ్చు చమ్ అను మరియొక సాల్మన్ చేపకు ఏ హానియు లేకుండెను. అనుమానము రోడ్ల మీదినుండి వచ్చు నీటి మీదికి పోయినది.

పేరు తెలియకముందే మందు

శాస్త్రజ్ఞులు ఒక రద్దీ రహదారిపై పారిన వాననీటిని పట్టి, అందులో కోహోలను విడిచిరి. అవి అన్నియు చనిపోయినవి. అదే నీటిని ఇసుక, కంపోస్టు ఎరువు కలిపి నింపిన పీపాల గుండా వడియనిచ్చి, ఆ నీటిలో మరికొన్ని కోహోలను విడిచిరి. అవి అన్నియు బ్రదికినవి. పిల్లచేపలతోను, గ్రోవర్స్ క్రీక్ అనుచోట గల చేపల పెంపకశాలలో పెద్దచేపలతోను చేసిన ఈ ప్రయోగముల ఫలితములు 2015, 2016 సంవత్సరములలో ప్రకటింపబడినవి.

చంపుచున్న పదార్థమేదో అప్పటికి ఎవరికిని తెలియదు. అది 2020 డిసెంబరులో బయటపడినది. మోటారు టైర్ల రబ్బరు గాలిలోని ఓజోను వలన పగిలిపోకుండ 6పీపీడీ అను రసాయనమును అందులో కలుపుదురు. అది ఓజోనుతో కలిసి 6పీపీడీ-క్వినోను అను క్రొత్త పదార్థముగా మారును. టైర్లు అరిగినకొద్ది రాలిన పొడి రోడ్డుపై పడును; వాన దానిని కడిగి వాగులో కలుపును. లీటరు నీటిలో గ్రాములో కోటవ వంతు ఉన్నను చాలును, కోహోలకు ప్రాణాపాయమే. విషమునకు పేరు పెట్టుటకు ఏండ్లకు ముందే, కాళ్ల క్రింది మట్టి దానికి విరుగుడుగా పనిచేసినదని దీనివలన తెలియుచున్నది.

మట్టి ఇంత పని ఎట్లు చేయును? ఇసుక రేణువుల సందులలో బురద, టైరు పొడి చిక్కుకొనును. కంపోస్టులోని సేంద్రియ పదార్థము లోహములను, అనేక రసాయనములను తన ఉపరితలమునకు అంటించుకొని పట్టియుంచును. దీనినే అధిశోషణము అందురు. సూక్ష్మజీవులు నూనెలవంటివానిని నెమ్మదిగా విడగొట్టును. మొక్కల వేళ్లు మట్టి గట్టిపడకుండ దారులు తెరచియుంచును.

విషమొక్కటియే కీడు కాదు

నీరు శుభ్రమైనదే అయినను, ఒక్కసారిగా వచ్చిపడినచో వాగునకు హానియే. అడవిలో దినములు పట్టి చేరవలసిన నీరు గొట్టముల ద్వారా నిమిషములలో చేరును. ఆ ఉరవడికి గట్లు కోసుకొనిపోవును. గుడ్లు దాగియున్న గులకలు కొట్టుకొనిపోవును. గట్టునుండి కరగిన ఒండ్రు మిగిలిన గులకల సందులను పూడ్చివేయగా లోపలి గుడ్లకు ప్రాణవాయువు అందదు. ఇంకవలసిన నీరు ఇంకకుండ పోయినందున వేసవిలో ఊటలు తగ్గి వాగు చిక్కిపోవును. వానకాలపు పొంగు, వేసవి కొరత రెండును ఒకే తప్పునకు ఫలితములు.

క్రొత్త పద్ధతి

ఈ తప్పును దిద్దు నిర్మాణ విధానమును ఇంగ్లీషులో ‘లో ఇంపాక్ట్ డెవలప్‌మెంట్’ అందురు. ప్రకృతిలోని నీటి నడకకు తక్కువ భంగము కలుగునట్లు కట్టుబడి సాగించుట అని దీని భావము. అమెరికా తూర్పు భాగమున, మేరీల్యాండ్ రాష్ట్రములోని ప్రిన్స్ జార్జెస్ అను జిల్లాలో 1990 ప్రాంతమున ఇది రూపుదాల్చినది. దీని సూత్రము ఒక్కటియే: వాన పడినచోటనే నీటిని నిలిపి, పరచి, ఇంకనిచ్చుట. ఊరి చివర ఒక పెద్ద చెరువునకు బదులుగా ఇంటింట, వీధివీధిని చిన్నచిన్న ఏర్పాట్లు చేయుదురు.

వీనిలో ముఖ్యమైనది వానతోట. మన ఇంకుడుగుంతకు ఇది దగ్గరి చుట్టమే. కాని లోతు తక్కువ, పైన మొక్కలుండును. జానెడు లోతున పల్లము చేసి, క్రింద ఇసుక-కంపోస్టు మిశ్రమము నింపి, తడికిని ఎండకును ఓర్చు మొక్కలు నాటుదురు. కప్పు మీది నీరు అందులో చేరి ఒకటి రెండు దినములలో ఇంకిపోవును. దోమపిల్ల పెరిగి దోమ యగుటకు సాధారణముగా వారము పట్టును గనుక, సరిగా ఇంకు తోటలో దోమల భయముండదు. రోడ్డు ప్రక్క పచ్చిక కాలువలు, నీరింకు కాంక్రీటు, మొక్కలు పెంచిన ఇంటికప్పులు, తొట్టెలు ఇందలి తక్కిన సాధనములు.

సియాటిల్‌లో సెకండ్ అవెన్యూ అను వీధిలోని ఒక భాగమును 2001లో ఈ విధముగ మార్చిరి. రోడ్డును 14 అడుగుల వెడల్పునకు తగ్గించి, మెలికలుగా వేసి, ఇరుప్రక్కల పచ్చిక పల్లములు తీర్చి, నూరుకు పైగా చెట్లను, 1100 పొదలను నాటిరి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయము వారు కొలిచి చూడగా, తడికాలములో సైతము ఆ వీధినుండి వెలుపలికి పారవలసిన నీటిలో నూటికి 98 వంతులు అచటనే ఆగిపోయినట్లు తెలిసినది.

హద్దులు కలవు

ఇది సర్వరోగ నివారిణి కాదు. నల్లరేగడి వంటి బంకమట్టిలో నీరు మెల్లగా ఇంకును. అచట అడుగున గొట్టము అమర్చవలెను. ఏటవాలు కొండచరియలలో నీరింకించినచో నేల జారవచ్చును. కంపోస్టు ఎక్కువైనచో దానిలోని భాస్వరము, నత్రజని నీటితో దిగి క్రొత్త చిక్కు తెచ్చును. ఒండ్రు పేరుకొన్న తోటను ఏటేట శుభ్రపరుపవలెను. కుంభవృష్టి నాడు మిగులునీరు పోవుటకు దారియు ఉండవలెను. టైర్లలోని రసాయనమును మార్చుట వేరే పని; మూలమున చేయవలసిన ఆ పనిని వానతోట తప్పింపజాలదు.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఒకే కొలతగల రెండు పళ్లెములను ఒకే వాలుగా ఉంచుడు. ఒకదానిలో రేకు, రెండవదానిలో గడ్డితోసహా పెల్లగించిన మట్టిపెళ్లలు పరచుడు. చిల్లుల డబ్బాతో ఒక్కొక్కదానిపై ఒక లీటరు నీరు చిలికి, అడుగున పాత్రలు పెట్టి, నిమిషనిమిషమునకు ఎంత నీరు చేరినదో కొలిచి గ్రాఫు గీయుడు. రేకుగీత నిటారుగా లేచి ఆగిపోవును. మట్టిగీత ఆలస్యముగా, మెల్లగా సాగును. ఆ రెండు గీతల నడుమ నున్న భేదమే పట్టణపు వాగునకును అడవివాగునకును గల భేదము. కడుపునిండ గుడ్లతో వచ్చిన కోహో వాటిని పెట్టుటయా, పెట్టకయే చచ్చుటయా అనునది, వాన పడినచోట మనము నీటికి మట్టిని మిగిల్చితిమా లేదా అనుదానిపై ఆధారపడియున్నది.