కడుపునొప్పి సాకు కాదు

సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న పట్టణం నారాయణఖేడ్. అక్కడైనా, మరే ఊరిలోనైనా బడివేళకు ‘కడుపులో నొప్పి’ అనే పిల్లలు ఉంటారు. బడి ఎగవేయడానికి సాకు అని పెద్దలు కొట్టివేస్తారు. లేదా ఇంత వాము నమిలించి పంపుతారు. తరచుగా ఆ నొప్పి దానంతట అదే తగ్గుతుంది. కాని నెలల తరబడి తిరిగి తిరిగి వచ్చే నొప్పిని ఉపేక్షించరాదు. జీర్ణాశయపు లోపొర, దానిని ఆనుకొన్న ఆంత్రమూలం దీర్ఘకాలంగా వాచి ఉండటం అందుకు ఒక కారణం కావచ్చు.

జీర్ణాశయం తీవ్రమైన ఆమ్లాన్ని స్రవిస్తుంది. ఆ ఆమ్లం జీర్ణాశయాన్నే దహించకుండా జిగురుపొర కవచంలా కాపాడుతుంది. కవచం సడలినప్పుడు శోథ మొదలవుతుంది. కారమే దీనికి మూలమని లోకుల నమ్మకం. కారం ఉన్న బాధను హెచ్చించవచ్చు. కాని ముఖ్యమైన కారణాలు వేరు. కొన్ని నొప్పిమాత్రలు కవచాన్ని దెబ్బతీస్తాయి. అంతకంటె ముఖ్యమైనది హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి.

ఆమ్లంలో సూక్ష్మజీవులు మనజాలవని వైద్యలోకం చిరకాలం విశ్వసించింది. ఈ జీవి తన చుట్టూ అమ్మోనియాను కల్పించుకొని ఆమ్లాన్ని తట్టుకొంటుంది. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ దీనిని వేరుచేశారు. 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తానే తాగి, జీర్ణాశయ శోథకు గురై, తన వాదాన్ని బలపరిచాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

ఈ సూక్ష్మజీవి సాధారణంగా బాల్యంలోనే, ఎక్కువగా ఇంటివారి నుండే సంక్రమిస్తుంది. ఇరుకు ఇళ్ళు, కలుషితమైన నీరు దానికి తోడ్పడతాయి. చికిత్స లేకపోతే తరచుగా జీవితాంతం నిలుస్తుంది. అది ఉన్న ప్రతి బిడ్డకూ నొప్పి రాదు. నొప్పి ఉన్న ప్రతి బిడ్డలోనూ అది ఉండదు. అందువల్ల సొంతవైద్యం తగదు.

నొప్పి నిద్ర నుండి లేపుతున్నా, బరువు తగ్గుతున్నా, వాంతిలో నెత్తురు కనిపించినా, మలం నల్లగా వస్తున్నా వెంటనే వైద్యుని దర్శించాలి. అవసరమైతే ఎండోస్కోపీతో లోపొరను పరీక్షిస్తారు. సూక్ష్మజీవే కారణమైతే ఆమ్లాన్ని తగ్గించే మందుతోపాటు యాంటీబయాటిక్‌లను సాధారణంగా 14 రోజులు ఇస్తారు. నొప్పి తగ్గగానే మందు మానితే సూక్ష్మజీవి మిగిలిపోయి, అదే మందుకు లొంగకుండా పోవచ్చు.

చేతులు కడుక్కోవడం, శుభ్రమైన నీరు తాగడం పిల్లలకు నేర్పవలసిన అలవాట్లు. పెద్దలు నేర్చుకోవలసినది మరొకటి ఉంది. పసివాడు తన బాధను వివరించలేడు. పొట్టపై చేయి వేసి చూపగలడు. ఆ చేతిని గమనించడమే చికిత్సకు తొలిమెట్టు.