ఇరవై వేల మంది ఊపిరి

ఎడిసన్‌లో ఉంటున్న పిల్లల దగ్గరికి వెళ్లిన మన పెద్దవాళ్లు న్యూజెర్సీ రైలెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగుతుంటారు. వాళ్లు దిగిన ప్లాట్‌ఫారాల నెత్తిమీదే మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ఉంది. బాస్కెట్‌బాల్‌కి 19 వేలకు పైగా, ఐస్ హాకీకి దాదాపు 18 వేల మంది కూర్చునే అరీనా ఇది. 1968 ఫిబ్రవరిలో తెరిచారు. దీనికోసం అందమైన పాత స్టేషన్ భవనాన్ని పడగొట్టినప్పుడు నగరం భగ్గుమంది. 1965లో న్యూయార్క్‌లో చారిత్రక కట్టడాల రక్షణ చట్టం రావడానికి ఆ ఆగ్రహం ఒక ముఖ్య కారణం. ఆ కోపం న్యాయమైనదేనని నేనూ అనుకుంటాను.

కింద రైళ్లు నడవాలి కాబట్టి ఆట జరిగే నేల ఐదో అంతస్తు ఎత్తున ఉంది. సర్కస్ వచ్చే రోజుల్లో ఏనుగులు కూడా వాలుబాటల మీదుగా అంత ఎత్తుకీ నడిచే వెళ్లేవి.

లోపల అడుగుపెట్టగానే తల పైకెత్తి చూడాలి. 400 అడుగులకు పైగా వెడల్పున్న గుండ్రటి కప్పు, ఒక్క స్తంభం కూడా చూపుకు అడ్డురాదు. సైకిల్ చక్రానికి స్పోకులున్నట్టు 48 ఉక్కు కేబుళ్లు అంచున ఉన్న పెద్ద వలయం నుంచి మధ్యలోని చిన్న వలయానికి సాగి ఉన్నాయి. అవి లోపలికి లాగుతుంటే బయటి వలయం నొక్కుకుపోతుంది, లోపలి వలయం సాగుతుంది. లాగుడును ఉక్కు చాలా బాగా ఓర్చుకుంటుంది. అందుకే లావు దూలాలు చేసే పనిని ఇక్కడ కేబుళ్లు చేస్తున్నాయి.

ఈ కప్పు కన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది దాని కింద కూర్చునే జనం. ఉక్కు బరువు, కాంక్రీటు బలం లెక్కవేసినట్టే ఇంజనీర్లు ప్రేక్షకుడి ఒంటి వేడినీ, ఊపిరిలోని తేమనీ, అతని బట్టలు మింగేసే ధ్వనినీ లెక్కవేస్తారు.

కదలకుండా కూర్చున్న మనిషి ఒళ్లు దాదాపు 100 వాట్ల వేడిని వదులుతుంది. 18 వేల మంది కలిస్తే 18 లక్షల వాట్లు. గోలు పడి అందరూ లేచి అరిచారంటే ఇంకా ఎక్కువ. తేమ సంగతీ అంతే. ఊపిరి ద్వారా, చర్మం ద్వారా ఒక్కొక్కరి నుంచి గంటకు సుమారు 50 గ్రాముల నీరు ఆవిరవుతుందనుకున్నా, ఆ హాలు గాలిలోకి గంటకు 900 లీటర్ల నీరు చేరుతుంది. ఇదంతా ఎక్కడ? సున్నా కన్నా నాలుగైదు డిగ్రీలు తక్కువలో ఉండాల్సిన మంచు నేల చుట్టూ! తేమగాలి చల్లటి మంచును తాకితే పొగమంచు లేస్తుంది, నేలమీద గరుకైన పొర పేరుకుంటుంది. అందుకే గాలిని చల్లబరచడంతో పాటు ఆరబెట్టే యంత్రాలూ ఎడతెగకుండా తిరుగుతుంటాయి.

ఆ మంచు మందం అంగుళం, అంగుళంపావు మించదు. దాని కింద కాంక్రీటు పలక ఉంటుంది. పలకలో కిలోమీటర్ల కొద్దీ గొట్టాలు, వాటిలో సున్నా దిగువన కూడా గడ్డకట్టని ద్రవం ప్రవహిస్తుంటుంది. నీళ్లు ఒక్కసారిగా పోసేయరు. పలుచగా చల్లి, గడ్డకట్టాక మళ్లీ చల్లి పొరలు పొరలుగా పెంచుతారు. మంచు వేడిని అంత బాగా ప్రసరింపజేయదు కాబట్టి మందం పెరిగితే కింది చల్లదనం పైకి సరిగా అందదు, పైభాగం మెత్తబడుతుంది.

హాకీ విరామంలో చాలామంది తినుబండారాల కోసం లేచిపోతారు. దయచేసి కూర్చోండి. అప్పుడే జాంబోనీ బండి వస్తుంది. కాలిఫోర్నియాలో ఫ్రాంక్ జాంబోనీ 1949లో తయారుచేసిన యంత్రం అది. స్కేట్లు గీరిన పొరను చెక్కేసి, కడిగి, వెనక నుంచి వేడినీళ్లు పరుస్తుంది. మంచుమీద వేడినీళ్లేమిటని ఆశ్చర్యం వేస్తుంది. అవి పాత మంచు పైపొరను కాస్త కరిగించి దానితో కలిసిపోయి గడ్డకడతాయి. పైగా వేడినీటిలో కరిగివున్న గాలి తక్కువ. అందువల్ల కొత్త పొర గట్టిగా, నున్నగా వస్తుంది.

బాస్కెట్‌బాల్ ఉన్న రోజున ఈ మంచును కరిగించరు. దానిమీద చల్లదనాన్ని ఆపే పలకలు పరిచి, ఆపైన మేపుల్ చెక్క నేలను ముక్కలుగా తెచ్చి బిగిస్తారు. కొద్ది గంటల పని. ఆటగాళ్లు చెమటలు కక్కుతూ పరిగెత్తే చెక్కకింద మంచు అలాగే ఉంటుంది.

కచేరీ రాత్రి జనం మరో పని చేస్తారు, ధ్వనిని పీల్చుకుంటారు. 1890లలో హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక ఉపన్యాస మందిరంలోకి నాటకశాల మెత్తలు మోయించి, ఎన్ని మెత్తలకు ప్రతిధ్వని ఎంత త్వరగా చల్లారుతుందో రాత్రివేళల్లో కొలిచాడు. హాలు ఘనపరిమాణం పెరిగితే ధ్వని ఎక్కువసేపు మిగులుతుంది, పీల్చుకునే వస్తువులు పెరిగితే త్వరగా అణగిపోతుంది. మనిషి మంచి మెత్త. మధ్యాహ్నం ఖాళీ అరీనాలో మోగుతూ ఉండిపోయిన డప్పు, రాత్రి జనం నిండాక పొడిగా, స్పష్టంగా వినిపిస్తుంది. సౌండ్ ఇంజనీర్లు మధ్యాహ్నం చేసుకున్న సర్దుబాట్లను రాత్రికి మార్చుకోక తప్పదు. 1971 ఆగస్టు 1న బంగ్లాదేశ్ శరణార్థుల కోసం జార్జ్ హారిసన్, రవిశంకర్ ఇక్కడే కచేరీ చేశారు. సితార్ శ్రుతి చేసుకుంటుంటేనే శ్రోతలు చప్పట్లు కొట్టారు! అన్నివేల మంది మధ్య, దీపాల వేడిలో తీగల వాద్యాన్ని శ్రుతిలో నిలపడం ఎంత కష్టమో వాయించేవారికే తెలుసు.

పాట ఊపందుకుంటే జనం సెకనుకు రెండు మూడు సార్లు ఎగురుతారు. అందరి అడుగూ ఒకే తాళంలో పడినప్పుడు ఆ వేగం పై వరసల సహజ కంపనంతో కలిస్తే ఊపు పెరుగుతూ పోతుంది. లండన్‌లో 2000లో తెరిచిన మిలీనియం వంతెన నడిచేవారి అడుగులకే ఊగడంతో రెండు రోజులకే మూసేసి, కంపనాలను అణచే పరికరాలు అమర్చారు. అరీనా ఇంజనీర్లు ఆ కలయిక రాకుండా ముందే లెక్క చూస్తారు. ఆ లెక్కలోనూ ప్రేక్షకుడికి చోటుంది. గంతులేసే శరీరాలు కట్టడాన్ని ఊపుతాయి. వాళ్ల పక్కన ఊరికే కూర్చున్న, నిలబడ్డ శరీరాలు ఆ ఊపులో కొంత శక్తిని తమ కండరాల్లోకి పీల్చుకుని దాన్ని తగ్గిస్తాయి.