అప్పీలు మెట్లు: ద్రాక్షారామం ఠాణా నుండి నేలపాడు వరకు

ద్రాక్షారామ భీమేశ్వరాలయమున అఖండదీపములకై గొఱ్ఱెలను, భూములను ధారవోసిన పూర్వులు, ఆ దానములను హరించువాడు గంగాతీరమున గోహత్య చేసినవాని పాపమును బొందునని శపించుటతో శాసనములను ముగించుచుండిరి. ఆ శాపమునకు పై కోర్టు లేదు.

ఆ యాలయమునకు అనతిదూరమున నున్న వెంకటాయపాలెమున 1996 డిసెంబరు 29వ తేదీన దళిత యువకులను హింసించి, వారిలో ఇద్దరికి బలవంతముగా శిరోముండనము గావించిన యుదంతము ద్రాక్షారామం పోలీసు ఠాణాలో కేసుగా నమోదై, ప్రభుత్వములు మారి, నాటి యువకులకు నడివయస్సు దాటిన పిమ్మట, 2024 ఏప్రిల్ 16న విశాఖపట్టణమందలి ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక న్యాయస్థానమున తీర్పునకు వచ్చినది. ఘటననాటి రామచంద్రపురం శాసనసభ్యుడు తోట త్రిమూర్తులుతో సహా నిందితులకు 18 నెలల కారాగారశిక్ష పడినది. వారు హైకోర్టు నాశ్రయించిరి. అది వారి హక్కు. దానిని తప్పుపట్టుటకు గాని, అప్పీలు తేలకముందే దోషాదోషములను నిర్ణయించుటకు గాని నేను సాహసింపను. నా ఫిర్యాదు కాలముమీద.

అప్పీలు వినువారు సాక్షిని చూడరు. బోనులో నిలిచినవాడు గొంతు జీరవోయి చెప్పినది, ప్లీడరు గద్దించినపుడు తడబడినది, తలవంచుకొని మిన్నకున్నది, ఇవన్నియు టైపు కాగితములపై సమానమైన పంక్తులై నేలపాడులోని హైకోర్టు ధర్మాసనము ముందునకు చేరును. క్రింది న్యాయాధిపతి కంటితో చూచినదానికి పై న్యాయమూర్తులు గౌరవమిచ్చుట ఇందుచేతనే. కాని సాక్ష్యమే ఏండ్లు గడచిన పిదప చెప్పబడినచో, చూచిన కన్ను ఎంత నిశితమైనదైనను, చూడబడినది మాసిపోయిన జ్ఞాపకమే గదా!

చుండూరు కథ తెలిసినదే. 1991 ఆగస్టు 6న ఎనమండుగురు దళితులు హతులు కాగా, ఆ గ్రామముననే నెలకొల్పిన ప్రత్యేక న్యాయస్థానము 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించెను. 2014లో హైకోర్టు వారినందఱిని విడిచిపుచ్చెను. కారంచేడు దళితుల హత్యల విషయమున ఇందుకు విపర్యయముగా, హైకోర్టు కొట్టివేసిన కేసులో సుప్రీంకోర్టు 2008లో శిక్షలు విధించెను. పై మెట్టు ఎక్కినవానికి ఏది లభించునో ఎక్కువఱకు తెలియదు.

సివిలు వ్యాజ్యముల తీరు వేరు. పిఠాపురము రాజా గంగాధర రామారావు 1890లో గతింపగా, సంస్థానము దత్తపుత్రునిదా, వీలునామా మూలముగా సూర్యారావుదా యను వివాదము మద్రాసు హైకోర్టు దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలువఱకు పోయి 1899లో సూర్యారావునకు అనుకూలముగా ముగిసినది. తీర్పు వేఱొకరీతిగా వచ్చియుండిన, సూర్యరాయాంధ్ర నిఘంటువు వేఱొకని పేర వెలువడెడిదో, అసలు వెలువడకయే పోయెడిదో! సముద్రముల కావలకు కాగితములు నౌకలలో పోయిరావలసిన ఆ దినములలో సయితము, రాజుగారు గతించిన తొమ్మిదేండ్లకే ఆఖరి మాట వినవచ్చినది.

వెంకటాయపాలెమున తొలిమాటకే ఇరువదియేడేండ్లు చాలలేదు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారముల నిరోధక చట్టమునకు 2015లో చేర్చిన 14ఏ సెక్షను మేరకు, అప్పీలును స్వీకరించిన నాటినుండి సాధ్యమైనంతవఱకు మూడు నెలలలో పరిష్కరింపవలెను.