పాత కంప్యూటరులో కొత్త కవ్వం

హైటెక్ సిటీ ఆఫీసుల్లో మూలపడే కంప్యూటర్లలో మనకు పనికొచ్చే సరుకు రెండుంది, సోదరీమణులారా! ఒకటి 12 వోల్టుల ఫ్యాను, రెండోది హార్డ్ డిస్కులోని అయస్కాంతం. వీటితో ఈస్టును కదిపే కవ్వం చేసుకోవచ్చు.

బ్రెడ్డు పొంగినా, బీరు పులిసినా ఈస్టు చలవే. మజ్జిగ చిలకడం వెన్న కోసమైతే, ఈ చిలకడం గాలి కోసం. ప్రాణవాయువు తగిలితే ఈస్టు చకచకా పెరుగుతుంది. కదపకపోతే అడుక్కి చేరి బద్ధకిస్తుంది.

అయస్కాంతాన్ని ఫ్యాను నడిమధ్యన అతికించి, ఫ్యానును చెక్కపెట్టెలో బిగించండి. పైన పలుచని మూత, దానిమీద అడుగు చదునైన గాజుసీసా. అందులో లీటరు నీళ్లకు 100 గ్రాముల మాల్టు పొడి కాచి, చల్లార్చి పోసి, ఈస్టు కలపాలి. ప్రయోగశాల సామాన్ల కొట్లో అమ్మే టెఫ్లాన్ పూత అయస్కాంతపు పుల్ల వేస్తే, ఫ్యానుతోపాటు అదీ తిరుగుతుంది. వేగం ఎక్కువైతే పుల్ల పక్కకు ఎగిరిపోతుంది. చిన్న సుడి చాలు. సీసా మూత బిగించకండి, గ్యాసు పోవాలి.

లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం. అది మైక్రోబ్రూవరీల వాళ్లకు వదిలేసి, మనం బన్నులు చేసుకుందాం.

అయస్కాంతాలను మాత్రం పిల్లలకు అందనివ్వకండి. రెండు మింగితే పేగుల్ని మధ్యన నొక్కిపట్టి చిల్లు పెడతాయి. అనుమానం వచ్చినా సరే, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.