కడలి కడుపులో కర్బన మూటలు
బంగాళాఖాతంలో పై నుంచి రాలే నలుసులు వాతావరణంలోని కర్బనాన్ని అగాధానికి చేరుస్తున్నాయి. ఆ రాలుడును గరాటాలతో కొలిస్తే నదుల మట్టి విలువ బయటపడింది

నవంబర్ సాయంత్రం పుదుచ్చేరి బీచ్ రోడ్డుకు షికారు వచ్చినవారికి ఎదురుగా కనిపించేది ఉత్త సముద్రమే. నిజానికి ఆ ఉప్పునీటిలో గంగా, బ్రహ్మపుత్రల వాటా కూడా ఉంటుంది. వర్షాకాలం ముగిశాక తూర్పు తీరం వెంబడి దక్షిణానికి సాగే, సుమారు 100 కి.మీ. వెడల్పున్న ఈ ఉప్పు తగ్గిన పాయకు పరిశోధకులు 2014లో 'సముద్రంలో నది' అని పేరు పెట్టారు. దాని ఆచూకీ పట్టించింది ఒడ్డు దగ్గర నీళ్లు తోడి తెచ్చిన మత్స్యకారులే.

ఆ నదులు మోసుకొచ్చే మట్టి ఇంకో పని కూడా చేస్తుందని అంతకు చాలాముందే తేలింది. ఎండ తగిలే పై పొరలో వృక్ష ప్లవకాలు కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకుని పెరుగుతాయి. వాటిని జంతు ప్లవకాలు తింటాయి. చచ్చినవి, విసర్జించినవి ముద్దలుగా అతుక్కుని కిందికి రాలతాయి. దారిలో బ్యాక్టీరియా వాటిని తినేస్తే ఆ కర్బనం మళ్లీ నీటిలో కలిసి త్వరలోనే పైకి చేరుతుంది. 1,000 మీటర్ల లోతు దాటితే మాత్రం వందల ఏళ్లపాటు బయటపడదు. అందుకే రాలే వేగానికి అంత ప్రాధాన్యం.

దీన్ని కొలవడానికి గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని హాంబర్గ్ విశ్వవిద్యాలయం కలిసి 1986లో అరేబియా సముద్రంలో, మరుసటి ఏడాది బంగాళాఖాతంలో సెడిమెంట్ ట్రాప్‌లు దించాయి. పేరు గంభీరమే గానీ అది ఓ పెద్ద గరాటా. దాని కింద తిరిగే పళ్లెంలో సీసాలు. ఒక్కో సీసా కొన్ని రోజులో, వారాలో గరాటా కింద ఉండి పక్కకు తప్పుకుంటుంది. పడింది కుళ్లకుండా లోపల రసాయనం. అడుగున లంగరు, పైన తేలే బంతులు. నెలల తర్వాత ఓడ నుంచి ధ్వని సంకేతం పంపితే లంగరు ఊడి మొత్తం పైకి తేలుతుంది. తేలకపోతే శ్రమంతా అక్షరాలా గంగపాలే.

సీసాల్లో కనిపించింది విడ్డూరం. బంగాళాఖాతం పంట తక్కువ సముద్రం. పైన పరుచుకున్న మంచినీరు కింది పోషకాలను పైకి రానివ్వదు. కాబట్టి అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ ప్లవకాలు తక్కువ. అయినా లోతుకు చేరిన సేంద్రియ కర్బనం దాదాపు దానికి దీటుగా ఉంది. వేణుగోపాలన్ ఇత్తెక్కోట్ బృందం 1991లో 'నేచర్' పత్రికలో ఈ రాలుడుకూ నదుల ప్రవాహానికీ ముడిపెట్టింది. మట్టి రేణువులు మెత్తటి ముద్దల్లో చేరి బరువు పెంచుతాయి. వలకు సీసపు గుండ్లు చేసే పనే ఇది. ముద్ద చకచకా మునిగిపోతే బ్యాక్టీరియాకు తినే వ్యవధి ఉండదు.

గరాటా లెక్కలో లోపాలూ ఉన్నాయి. ప్రవాహం జోరుగా ఉండే పై నీటిలో నలుసులు పక్కకు కొట్టుకుపోతాయి. అక్కడ థోరియం-234 అక్కరకొస్తుంది. నీటిలోని యురేనియం నుంచి నిరంతరం పుట్టే ఈ మూలకం నలుసులను అంటుకుని దిగిపోతుంది, 24 రోజుల్లో సగమవుతుంది. ఉండాల్సినదానికన్నా ఎంత తగ్గిందో చూసి ఎంత రాలిందో లెక్కగడతారు.

ఇక మట్టి సంగతి. పుదుచ్చేరి ఏలుబడిలోని తెలుగు ఊరు యానాం గోదావరి ఒడ్డునే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన హేమమాలిని, నాగేశ్వరరావు 2004లో ఇచ్చిన లెక్క ప్రకారం 1970లలో ఈ నది ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 1990లకల్లా అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. మిగతాది ఆనకట్టల వెనకే ఆగిపోతోందని, డెల్టా అంచు కోతకు గురవుతోందని వారు హెచ్చరించారు. డెల్టా కోత ఒడ్డున నిలబడితే కనిపిస్తుంది. కర్బనం మునక తగ్గిందా అన్నది కనిపించదు. పైగా నది ఒండ్రులో చాలా భాగం ఒడ్డు దగ్గరే దిగబడుతుంది, నడిసముద్రానికి చేరేది కొంతే. ఆ కొంత తగ్గితే ఏమవుతుందో తేలాలంటే గోదావరికి ఎదురుగా లోతు నీటిలో ఏళ్ల తరబడి గరాటాలు దించి, వరద ఏడాదినీ కరువు ఏడాదినీ పోల్చిచూడాలి.